డైనాకో ఎస్‌టీ-70లో పార్టులు మార్చాక శబ్దం మారింది, కానీ దేనివల్ల?

జెర్సీ_వాల్వు (న్యూజెర్సీ)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక పాత డైనాకో ఎస్‌టీ-70 దొరికింది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఫిలడెల్ఫియాలో డేవిడ్ హ్యాఫ్లర్ నడిపిన డైనాకో కంపెనీ 1959లో తెచ్చిన స్టీరియో వాల్వ్ యాంప్ (వాల్వులతో పనిచేసే యాంప్లిఫయర్) ఇది. కిట్ ధర 99.95 డాలర్లు. ఛానెల్‌కి 35 వాట్లు, రెండేసి ఈఎల్34 వాల్వులు (స్పీకర్‌ని నడిపేవి), వాటి ముందు వాటికి సిగ్నల్ అందించే 7199 వాల్వు ఒకటి, రెండు ఛానెళ్లకూ కలిపి ఒక జీజెడ్34 రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే వాల్వు). నాకు దొరికింది కూడా ఎవరో ఇంట్లో కూర్చుని సోల్డర్ చేసుకున్న కిట్టే.

నేను మార్చినవి: ఒక వాల్వు నుంచి ఇంకో వాల్వుకి సిగ్నల్ అందించే నాలుగు కప్లింగ్ కెపాసిటర్లు (0.1 మైక్రోఫారడ్ తీసి, పేరున్న కంపెనీ 0.22 పాలీప్రొపిలీన్ పెట్టాను, ఖరీదు బాగానే అయింది), పవర్ సప్లైలో నాలుగు సెక్షన్ల డబ్బా కెపాసిటర్, బయాస్ (ఈఎల్34 ఎంత కరెంటు లాగాలో నిర్ణయించే వోల్టేజ్) దగ్గరి సెలీనియం రెక్టిఫయర్ బదులు సిలికాన్ డయోడ్, కొత్త ఈఎల్34 మ్యాచ్డ్ సెట్ (ఒకేలా పనిచేసేలా ఏరినవి). అన్నీ ఒకే వారాంతంలో అయిపోయాయి.

తేడా మామూలుగా లేదు. ఈమని శంకరశాస్త్రి గారి వీణ ఎల్పీ పెడితే ఇదివరకు మంద్రస్థాయిలో తీగ ఎక్కడ మోగి ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు, అంతా ఒకటే గుమగుమ. మృదంగం ఎడమవైపు దెబ్బ ఉబ్బినట్టు వచ్చి అలాగే నిలబడిపోయేది. ఇప్పుడు మీటు విడిగా, గమకం విడిగా వినిపిస్తున్నాయి. పైస్థాయి కూడా విచ్చుకుంది.

ఇంకా ముందుకెళ్దామని ఉంది. ఆయిల్‌లో ఊరిన పేపర్ కెపాసిటర్లు, పాత స్టాకు మల్లార్డ్ (ఇంగ్లండ్ కంపెనీ) ఈఎల్34లు చూస్తున్నాను. డబ్బు పెట్టొచ్చా? ఇప్పటిదాకా చేసినవాటిలో ఏది పనిచేసిందంటారు?

---

నాదప్రియ (హైదరాబాద్)

అభినందనలండీ! మీరు విన్న తేడాలో పెద్ద వాటా కప్లింగ్ కెపాసిటర్లదే అని నా నమ్మకం. సంగీతమంతా వాటి గుండానే కదా వెళ్లేది.

నా దగ్గర ఈఎల్84తో కట్టిన చిన్న సింగిల్ ఎండెడ్ యాంప్ (జతగా కాక ఒక్క అవుట్‌పుట్ వాల్వే పనిచేసేది) ఉంది, ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పులు సరిచేసే ఏర్పాటు) లేదు. ముందు వాల్వు మన బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) బెంగళూరు వారి ఈసీసీ83. కోఠి గుజరాతీ గల్లీలో కొన్న మామూలు పాలిస్టర్ కెపాసిటర్లు తీసి రష్యన్ కే40వై-9 పేపర్ ఇన్ ఆయిల్ పెట్టాను. బాలమురళి గారి గొంతులో ఆ నునుపు, పదం చివర ఊపిరి వదిలే చోటు, అవి నాకు ఆ తర్వాతే దొరికాయి. కొత్త కెపాసిటర్లకు 100 గంటలైనా ఇవ్వండి, ఇంకా మెరుగవుతాయని నా నమ్మకం.

---

బెజవాడ_రేడియో (విజయవాడ)

బాబూ, పని శుభ్రంగా చేసినట్టున్నావు. ముందు ఒక మాట. ఆ చాసిస్‌లో 400 వోల్టుల పైన ఉంటుంది. స్విచ్ ఆపేసినా కండెన్సర్లు (మీరు కెపాసిటర్లు అనేవే) ఆ చార్జిని పట్టుకునే ఉంటాయి. రెసిస్టర్ పెట్టి డిస్చార్జి చేసి, మీటరుతో సున్నా చూసి, అప్పుడు చెయ్యి పెట్టు. రెండో చెయ్యి జేబులో ఉండాలి. మర్ఫీ, బుష్, ఫిలిప్స్ సెట్లు బాగుచేసిన నాటి నుంచి నేను తప్పని నియమం ఇది.

ఇక అసలు విషయం. కప్లింగ్ కండెన్సర్ పని రెండు రకాలు: పాటను పోనివ్వాలి, డీసీని ఆపాలి. వయసైపోయినది మొదటి పని చేస్తూనే ఉంటుంది, రెండో పనిలో ఫెయిలవుతుంది. 7199 ప్లేటు (వాల్వులో కరెంటు చేరే రేకు) మీది డీసీ కొంచెం కొంచెంగా ఈఎల్34 గ్రిడ్ (కరెంటుని అదుపుచేసే జాలీ) మీదకి దిగుతుంది. గ్రిడ్ మీద ఉండాల్సిన నెగటివ్ వోల్టేజ్ తగ్గుతుంది, వాల్వు ఎక్కువ కరెంటు లాగుతుంది. మరీ ముదిరితే ప్లేటు ఎర్రబడి కనిపిస్తుంది. ముదరకముందు ఏం జరుగుతుందో చాలామంది గమనించరు.

నీ యాంప్‌లో ఒక ఛానెల్ వాల్వులు రెండింటి కాథోడ్లూ (వాల్వులో ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటు) ఒకే 15.6 ఓమ్ రెసిస్టర్ మీద ఉంటాయి. అక్కడ 1.56 వోల్టులు చూపిస్తే రెండు వాల్వులకూ కలిపి 100 మిల్లీఆంపులు. కలిపి! ఒకటి 65, ఇంకొకటి 35 లాగుతున్నా మీటరు 1.56 చూపిస్తుంది, అంతా బాగుందనుకుంటాం. కానీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు వైపులా డీసీ సమానంగా ఉంటేనే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తేడా ఉంటే కోర్ ఒకవైపు అయస్కాంతమై కూర్చుంటుంది. దాని దెబ్బ ముందు పడేది కింది స్థాయి మీదే. నీ వీణ మంద్రం గుమగుమలాడటానికి నా అనుమానం అక్కడ.

ఆ పాత కండెన్సర్లు పారేశావా?

---

కొలతబద్ద (బెంగళూరు)

బెజవాడ గారు చెప్పినదానికి కొన్ని అంకెలు జోడిస్తాను.

0.1ని 0.22 చేస్తే బేస్ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఎస్‌టీ-70లో ఈఎల్34 గ్రిడ్ రెసిస్టర్ 270 కిలోఓములు. దానితో 0.1 కెపాసిటర్ కోత మొదలుపెట్టేది 5.9 హెర్ట్జ్ దగ్గర. 20 హెర్ట్జ్ దగ్గర తగ్గేది దాదాపు 0.36 డెసిబెల్. ఒకటో శ్రుతిలో తంబురా మంద్ర షడ్జమం ఉండే 65 హెర్ట్జ్ దగ్గరైతే 0.04 కూడా కాదు. పైగా ఫీడ్‌బ్యాక్ ఆ కాస్త తగ్గుదలను కూడా సరిచేస్తుంది. కాబట్టి కెపాసిటర్ సైజు పెంచినందుకు మంద్రం బాగుపడలేదు, ఇది ఖాయం.

సైజు పెంచితే ఇంకో చిక్కుంది. ఈ కెపాసిటర్లు ఫీడ్‌బ్యాక్ లూప్ లోపల ఉన్నాయి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తిప్పే ఫేజ్‌కీ (సిగ్నల్ అలలు ముందుకో వెనక్కో జరగడం) ఇవి తిప్పే ఫేజ్‌కీ మధ్య దూరం చూసుకునే అప్పటి డిజైనర్లు విలువలు పెట్టారు. దాన్ని కదిపితే కొన్ని హెర్ట్జ్ దగ్గర యాంప్ నిలకడ తప్పొచ్చు. ఎల్పీ తిరుగుతున్నప్పుడు, పాట మొదలవకముందు, వూఫర్ కోన్ వైపు చూడండి. నెమ్మదిగా ముందుకీ వెనక్కీ ఊగుతోందా?

---

నాదప్రియ

కొలతబద్ద గారూ, మీ లెక్క కాదనను. కానీ నేను బేస్ గురించి చెప్పలేదు, గొంతు గురించి చెప్పాను. 200 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ గీత తిన్నగా ఉన్నా రెండు కెపాసిటర్లు ఒకేలా వినిపించవు. పాలిస్టర్‌కీ పాలీప్రొపిలీన్‌కీ డైఎలెక్ట్రిక్ అబ్సార్ప్షన్‌లో (ఖాళీ చేశాక కూడా కెపాసిటర్ లోపలి పొరలో కొంత చార్జి మిగిలే గుణం) తేడా ఉందని తయారీదారుల డేటాషీట్లే చెప్తాయి. చెవిని అంత తేలిగ్గా తీసేయకండి.

---

కొలతబద్ద

చెవిని తీసేయడం లేదండీ, చెవికి న్యాయం జరగాలనే అంటున్నాను. డైఎలెక్ట్రిక్ అబ్సార్ప్షన్ తేడా నిజమే. అది వినిపించేంత ఉందా అన్నదే ప్రశ్న. దానికి జవాబు చెప్పాల్సింది చెవే, కానీ సరైన పరిస్థితిలో.

పాట విని, యాంప్ ఆపి, చల్లారాక విప్పి, సోల్డర్ చేసి, మళ్లీ బయాస్ పెట్టి వినేసరికి సగం రోజు అయిపోతుంది. సగం రోజు కిందటి శబ్దాన్ని అంత సూక్ష్మంగా గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాదు. స్టీరియో యాంప్‌లో దీనికి సులువైన దారి ఉంది. ఒక ఛానెల్‌లోనే మార్చండి, రెండోది అలాగే ఉంచండి. మోనో సిగ్నల్ రెండింటికీ ఇవ్వండి. ఒకే స్పీకర్‌ని అటూ ఇటూ మార్చి వినండి. మార్చేది ఇంకొకరైతే మంచిది, ఏది ఏ ఛానెలో మీకు తెలియకూడదు.

దానికి ముందు లెవెల్ సమం చేయాలి. 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ టెర్మినళ్ల దగ్గర ఏసీ వోల్టేజ్ చూడండి. మామూలు మీటరు 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఖచ్చితంగా చూపకపోయినా, రెండు ఛానెళ్లకీ అదే మీటరు కాబట్టి ఫర్వాలేదు. ఒకవైపు 2.00 వోల్టులుంటే రెండోవైపు 2.02 దాటకూడదు. అది 0.1 డెసిబెల్. అర డెసిబెల్ ఎక్కువున్నది మనకు 'గట్టిగా' అనిపించదు, 'బాగా' అనిపిస్తుంది. సగం అప్‌గ్రేడ్ కథలు అక్కడే పుడతాయని నా గట్టి నమ్మకం.

యాంప్ ఆన్‌లో ఉండగా స్పీకర్ తీయడం మాత్రం వద్దు. వాల్వ్ యాంప్‌కి లోడ్ లేకుండా సిగ్నల్ ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ పోయే ప్రమాదం ఉంది. స్విచ్ బాక్స్ కట్టుకుని, వాడని ఛానెల్‌కి 8 ఓమ్ 50 వాట్ల రెసిస్టర్ తగిలించండి.

---

జెర్సీ_వాల్వు

బెజవాడ గారూ, పాత కెపాసిటర్లు డబ్బాలో దాచాను. మీ మాట చదివాక మొదట చేసిన పని, ప్రతి ఈఎల్34 కాథోడ్‌కీ విడిగా 10 ఓమ్ రెసిస్టర్ పెట్టడం. ఇప్పుడు 0.45 వోల్టులు చూస్తే 45 మిల్లీఆంపులు, ఏ వాల్వుకి ఆ లెక్క. తర్వాత కుడి ఛానెల్‌లో పాత కెపాసిటర్లు రెండూ తిరిగి పెట్టాను. ఎడమవైపు కొత్తవి అలాగే ఉన్నాయి.

270 కె రెసిస్టర్ రెండు చివర్ల మధ్య డీసీ చూశాను. కొత్తవాటి దగ్గర దాదాపు సున్నా. పాతవాటిలో ఒకటి 0.1 వోల్టు, ఇంకొకటి 2.4. ఆ ఛానెల్ మొత్తం 90 మిల్లీఆంపులకు సరిచేస్తే ఒక వాల్వు 38, రెండోది 52! చాసిస్ బాగా వేడెక్కాక మళ్లీ చూస్తే లీకేజీ ఇంకా పెరిగి, తేడా 35, 55 దాకా వెళ్లింది. వాల్వులను ఒకదాని స్థానంలో ఒకటి పెట్టినా ఎక్కువ లాగేది ఆ కెపాసిటర్ వైపుదే. కాబట్టి వాల్వు తప్పు కాదు.

కొలతబద్ద గారు చెప్పినట్టు లెవెల్ కూడా చూశాను. ఎడమ 2.00 ఉన్నప్పుడు కుడి 1.87. అంటే అర డెసిబెల్ పైనే! ప్రీయాంప్ బ్యాలెన్స్‌తో సమం చేసి, మా ఆవిడని స్విచ్ దగ్గర కూర్చోబెట్టి విన్నాను. పాత కెపాసిటర్ల ఛానెల్‌ని ప్రతిసారీ గుర్తుపట్టాను. వీణ మంద్రం చాలు, ఇంకేమీ అక్కర్లేదు. అదే గుమగుమ.

---

బెజవాడ_రేడియో

అదీ లెక్క! 2.4 వోల్టులంటే ఆ రెసిస్టర్ గుండా 9 మైక్రోఆంపులు. వినడానికి చాలా చిన్న అంకె. కారే కుళాయి చుక్కలాగే, గంటల తరబడి వాల్వునీ ట్రాన్స్‌ఫార్మర్‌నీ తినేది అదే.

కుడివైపు లెవెల్ తక్కువ రావడం మీద కూడా ఒక కన్నేయి. 7199లో రెండో సగం ఫేజ్ స్ప్లిట్టర్, అంటే సిగ్నల్‌ని ఒకదానికొకటి ఎదురైన రెండుగా చేసి రెండు ఈఎల్34లకీ పంపేది. దాని ప్లేటుకొకటి, కాథోడ్‌కొకటి 47 కె రెసిస్టర్లు ఉంటాయి. ఆ రెండూ సమానంగా ఉండాలి. అప్పటి కార్బన్ కాంపొజిషన్ రెసిస్టర్లు వయసుతో పాటు పైకి పాకుతాయి, రెండూ ఒకేలా పాకవు. అవి తేడాగా ఉంటే రెండు ఈఎల్34లకీ అందే సిగ్నల్ అసమానం. ఒక శాతం మెటల్ ఫిల్మ్ పెట్టు, నాలుగు రూపాయల పని. ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ కూడా కొలువు, గెయిన్ నిర్ణయించేది అదే.

---

సాగరతీరం (విశాఖపట్నం)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బావగారు అమెరికా నుంచి వచ్చేటప్పుడు ఎస్‌టీ-70 ఒకటి తెస్తానంటున్నారు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేసుకుంటే సరిపోతుందా?

---

కొలతబద్ద

వోల్టేజ్ సరిపోతుంది, ఫ్రీక్వెన్సీ సరిపోదు. వాళ్లది 60 హెర్ట్జ్, మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో ఫ్లక్స్ వోల్టేజ్‌ని ఫ్రీక్వెన్సీతో భాగించిన లెక్కలో నడుస్తుంది. 117కి బదులు 110 ఇచ్చినా ఫ్లక్స్ 13 శాతం ఎక్కువే. ఈ మోడల్ పవర్ ట్రాన్స్‌ఫార్మర్ అక్కడే వేడిగా నడుస్తుందని పేరు. మా ఎండాకాలంలో ఇంకా కష్టం. 50 హెర్ట్జ్‌కి సరిపడేలా చుట్టిన కొత్త పవర్ ట్రాన్స్‌ఫార్మర్ వేయించడమే మంచిది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం అవే ఉంచండి. హ్యాఫ్లర్, హెర్బర్ట్ కెరోస్ 1951లో ప్రచారంలోకి తెచ్చిన అల్ట్రాలీనియర్ పద్ధతి (ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట మధ్యలోంచి తీగ తీసి వాల్వు స్క్రీన్ గ్రిడ్‌కి కలపడం) ప్రకారం చుట్టినవి అవి. ఈ యాంప్‌కి అంత పేరు రావడానికి సగం కారణం అవే.

---

జెర్సీ_వాల్వు

రెండో పరీక్ష. కుడివైపు పాతవి తీసి మామూలు పాలీప్రొపిలీన్ 0.22 పెట్టాను. ఎడమవైపు ఖరీదైనది 0.22 ఉంది. ధర తేడా పదింతల పైనే. కుడి ఛానెల్‌లో 47 కె జత మార్చాను (పాతవి ఒకటి 49, ఇంకొకటి 55 చూపించాయి), ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ కూడా. లెవెల్స్ ఇప్పుడు వాటంతటవే దాదాపు సమానం. మిగిలింది బ్యాలెన్స్‌తో సరిచేశాను.

ఈసారి గుర్తుపట్టలేకపోయాను. వీణ, ద్వారం వారి వయొలిన్, చినమౌలానా గారి నాదస్వరం అన్నీ ప్రయత్నించాను. నాదస్వరం దగ్గర ఒక్కోసారి 'ఇదే ఖరీదైనది' అనిపించి చెప్తే, సగం సార్లు రెండోదే.

కోన్ సంగతి: ఊగుతోంది! ఎల్పీ ఖాళీ గాడిలో ఉన్నప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. రెండువైపులా మామూలు 0.1 పెట్టాక బాగా తగ్గింది. మంద్రం ఇంకాస్త బిగువుగా కూడా ఉంది.

---

నాదప్రియ

మీ ఓపికకు దండం పెట్టాలి. మీ యాంప్‌లో వినిపించలేదంటే ఒప్పుకుంటాను. నేను కూడా నా ఈఎల్84 మీద అదే పద్ధతిలో చేశాను, మా అబ్బాయి స్విచ్ పట్టుకున్నాడు. లెవెల్ సమం చేశాక తేడా నేను అనుకున్నంత లేదు, చాలా తగ్గింది. కానీ పూర్తిగా పోలేదు. నిదానంగా పాడే ఆలాపనలో పేపర్ ఇన్ ఆయిల్ వైపు నేను ఎక్కువసార్లే పట్టుకున్నాను.

---

కొలతబద్ద

మంచి సంగతి, దీన్ని వదలొద్దు. మీ యాంప్‌లో ఫీడ్‌బ్యాక్ లేదు కాబట్టి లోపలి తేడాలు సరికాకుండా బయటికి వస్తాయి. రెండు విషయాలు చూడండి. ఒకటి, రెండు కెపాసిటర్ల అసలు విలువ కొలవండి. పాత కాలపు పేపర్ కెపాసిటర్ మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది ఒకటి కావడం మామూలే. రెండు, 270 కె లాంటి మీ గ్రిడ్ రెసిస్టర్ మీద లీకేజీ చూడండి. పేపర్ ఇన్ ఆయిల్ పాత స్టాకైతే కాస్త లీకవుతూ ఉండొచ్చు. అప్పుడు మీ ఈఎల్84 కాస్త ఎక్కువ కరెంటు మీద నడుస్తుంది. మీకు నచ్చుతున్నది ఆ బయాసే కావచ్చు. అలా అయితే కాథోడ్ రెసిస్టర్ మార్చి, పాలీప్రొపిలీన్‌తోనే ఆ నునుపు తెచ్చుకోవచ్చు.

రెండూ సమానమై, అప్పుడు కూడా మీరు గుర్తుపడితే కెపాసిటర్‌దే ఆ ఘనత. నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

---

నాదప్రియ

లీకేజీ ఉంది. ఒక వోల్టుకి కాస్త తక్కువ. ఈ ఆదివారం కాథోడ్ రెసిస్టర్ మార్చి చూసి చెప్తాను.

---

బెజవాడ_రేడియో

నాదప్రియ గారూ, బయాస్ మార్చేటప్పుడు ఈఎల్84 ప్లేటు పరిమితి 12 వాట్లు, దాటనివ్వకండి. బీఈఎల్ వాల్వులు గట్టివి, అయినా ఇప్పుడు కొత్తవి రావు.

జెర్సీ బాబూ, మల్లార్డ్ సంగతి. ఈనాడు కొత్తగా వచ్చే మల్లార్డ్ పేరున్న వాల్వు ఇంగ్లండ్‌ది కాదు, రష్యాలోని సరటోవ్‌లో తయారైనది. బాగానే పనిచేస్తుంది, కానీ పాత బ్లాక్‌బర్న్ (ఇంగ్లండ్‌లోని మల్లార్డ్ ఫ్యాక్టరీ) సరుకు అనుకుని ఆ ధర పెట్టకు. పేరు చెరిపి కొత్త పేరు అచ్చువేసినవీ బజారులో తిరుగుతాయి. ఈఎల్34 అరిగిపోయే వాల్వు, దాని మీద అంత డబ్బు పోయడం నాకు ఇష్టం లేదు. పాత స్టాకు మీదే పెట్టాలనుకుంటే జీజెడ్34 మీద పెట్టు. అసలైన పాతది ఏళ్ల తరబడి మన్నుతుంది. దాని వెనక మొదటి కండెన్సర్ మాత్రం 60 మైక్రోఫారడ్ మించకూడదు. ఎక్కువ పెడితే స్విచ్ వేసిన ప్రతిసారీ రెక్టిఫయర్ దెబ్బ తింటుంది.

---

జెర్సీ_వాల్వు

అర్థమైందండీ. ఈఎల్34 మల్లార్డ్‌లు, ఆయిల్ కెపాసిటర్లు రెండూ వద్దనుకున్నాను. ఎడమ ఛానెల్‌కి కూడా 47 కె జత, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఆర్డర్ చేశాను. మా ఇంట్లో కరెంటు 122 వోల్టులు వస్తోంది, 117కి తయారైన యాంప్ ఇది. అందుకే బయాస్ 45 దగ్గరే ఉంచాను.

చివరిగా ఒకటి. ఒక 7199లో చిటపట మొదలైంది. కొత్తవి సులువుగా దొరకడం లేదు, పాతవాటి ధర మండిపోతోంది. దాని బదులు 6జీహెచ్8ఏ వాల్వు పెట్టొచ్చని చదివాను. నేరుగా గుచ్చొచ్చా?

---

బెజవాడ_రేడియో

నేరుగా వద్దు! పిన్నుల వరస వేరు. అడాప్టర్ సాకెట్ కొను, లేదా సాకెట్ దగ్గర వైరింగ్ మార్చు. నేనైతే వైరింగే మారుస్తాను, వదులు కాంటాక్టులు తగ్గుతాయి. రెండు ఛానెళ్లకీ ఒకేసారి మార్చు, ఒకవైపు 7199, ఇంకోవైపు 6జీహెచ్8ఏ ఉంచకు. మార్చాక లెవెల్ మళ్లీ కొలువు. అంతకంటే ముందు, చిటపట వాల్వుదేనా అని చూడు: రెండు 7199లనూ అటూ ఇటూ మార్చు. చిటపట వాల్వుతో పాటు వెళ్తే వాల్వుది. అక్కడే ఉండిపోతే ఆ ఛానెల్ ప్లేటు రెసిస్టర్‌ది కావచ్చు, ఎలాగూ కొత్తవి తెప్పిస్తున్నావుగా, దాన్ని కూడా జాబితాలో వేసుకో.

---

జెర్సీ_వాల్వు

మార్చి చూశాను. చిటపట కుడివైపే ఉండిపోయింది. ప్లేటు రెసిస్టర్ కూడా ఆర్డర్ చేశాను.